నెమలి తోక కింది ఎర్ర చారలు

సూరత్‌లోని ఒక ప్రింటింగ్ మిల్లులో మరకలున్న చీరలను ఏరి పక్కన పెట్టడం నా పని. ఈ వానాకాలం గోడబొమ్మల చీరలదే ఫ్యాషన్ అంటూ మా సేఠ్, భేస్తాన్‌లో మేముండే వీధి గోడ మీది నెమలి బొమ్మను ఫొటో తీయించి చీరలకెక్కించాడు.

మొదటి లాటు నా బల్ల మీదికి వచ్చింది. చూస్తే ప్రతి చీరకూ నెమలి తోక కింద ఎర్రటి చారలు! ఒక్కటీ వదలకుండా అన్నిటికీ డ్యామేజ్ చీటీలు అంటించాను. సరుకు కోసం టెంపో వచ్చి నిలబడింది. సేఠ్ పరుగెత్తుకొచ్చాడు.

"అరే బెహన్, యే దాగ్ నహీ, డిజైన్ హై!"

మరకలు కావట, డిజైనట! అందరి ముందూ చీటీలన్నీ నాతోనే పీకించాడు. తలవంచుకుని పీకుతుంటే అప్పుడు వెలిగింది. ఆటో కోసం నిలబడి మా ఆయన రోజూ గుట్కా ఉమ్మేది ఆ నెమలి తోక కిందే.

చీరలు వారంలో అయిపోయాయి. ఊరి నుంచి మా ఆడబిడ్డ ఫోన్ చేసింది. "వదినా, గా ఎర్ర చారల చీర నాకొకటి పంపరాదూ!"

"గోడ మీద ఉమ్మకుమని ఎన్నిసార్లు చెప్పిన?" అని ఆయన్ను నిలదీశాను.

"జర ఊకో. అచ్చే సీజన్‌కు డిజైన్ ఏస్తున్న" అన్నాడు.

ఇప్పుడు ఏ చీర మీద మరక కనిపించినా, అది ఏ మహానుభావుడి కళో కనుక్కున్నాకే చీటీ అంటిస్తున్నాను.