ఇరవై నాలుగు ఖాళీ గుంతలు

మా నాయన భూమయ్యకు సాలులో ఖాళీ కనబడితే చేతులు ఊరుకోవు. ఆ పాడు అలవాటే మా కొంప ముంచింది!

1941 వానాకాలం. నాంపల్లి స్టేషన్ వెనక ఒక విత్తనాల తోటలో ఆయన మాలీ. అధికారి విద్యాసాగర్ సారు రెండు మళ్లు కట్టించాడు. ఒకదాంట్లో ఎర్రటి చెలక మన్ను, ఇంకోదాంట్లో నల్లరేగడి. మా ఊరి చెలక జొన్ననూ, రేగడి ఊళ్ల జొన్ననూ రెండు మళ్లలోనూ నలభయ్యేసి గుంతల్లో విత్తించాడు. ఏ నేల విత్తు ఏ నేలలో బతుకుతుందో చూడాలట.

"చచ్చేది చావనియ్యి భూమయ్యా. నువ్వు నడుమ చెయ్యి పెట్టకు," అని చెప్పి వెళ్లాడు.

చెలక మడిలో రేగడి జొన్న ఇరవై నాలుగు గుంతల్లో మాడిపోయింది. వాన పడ్డ పొద్దున నాయన, పక్క సాలులో ఒత్తుగా మొలిచిన మా ఊరి జొన్న మొక్కలు తీసి ఆ ఖాళీలు పూడ్చాడు. రైతు బుద్ధి ఎక్కడికి పోతుంది!

నెలకు సారు వచ్చి లెక్కపెట్టాడు. నలభైకి నలభై!

"రేగడి జొన్న చెలకల గూడ నిలవడ్డది! వచ్చే ఏడు మీ దిక్కు ఊర్లన్నిటికి గిదే విత్తనం. మీ పాత జొన్న బంద్," అంటూ ఆ లెక్క రాసిన కవరు నాయన చేతికే ఇచ్చాడు. "ఆబిడ్స్‌ల టపా డబ్బల ఎయ్యిపో. పన్నెండింటికి తీస్తరు."

నాయన కవరు పట్టుకుని ఆబిడ్స్ దాకా నడిచాడు. చెబితే నౌకరి పోతుంది. చెప్పకపోతే ఊళ్లో పెదనాయన చెలకంతా ఎండుతుంది. కవరు డబ్బా నోట్లో సగం దాకా పెట్టాడట. పన్నెండు కొట్టకముందే దాన్ని లాక్కుని వెనక్కి పరుగెత్తాడు.

"తప్పయింది సారూ. ఇరవై నాలుగు నేను నాటినయి. గవి మా ఊరి జొన్నలు."

సారు ముఖం మాడిపోయింది. "ఏవేవి?"

నాయన తడుముకోకుండా ఒక్కొక్కటే పీకాడు. ఇరవై నాలుగూ. సారు కవరు చించి, నలభై కొట్టేసి పదహారు రాశాడు.

"రేపటి సంది రాకు."

ఆ పూట అమ్మ పొయ్యి వెలిగించలేదు. "ఊరిని సాదిండట! నా నర్మదనెవరు సాదాలె?" అని నన్ను పట్టుకుని ఏడ్చింది. నాకూ ఒళ్లు మండింది.

మరుసటి ఏడు ఊళ్లో మా పాత జొన్నే విత్తారు, దండిగా పండింది. తమ్ముడికిద్దామని పెదనాయన బస్తా జొన్నలతో నాంపల్లిలో రైలు దిగి కూలీని పిలిచాడు. తలగుడ్డ చుట్టుకుంటూ ముందుకొచ్చింది మా నాయనే.