ఎవరూ పట్టుకోని పడుగు

నా చిన్నప్పుడు మా వీధిలో ఎవరు పడుగు చాపినా, రమ్మని పిలవాల్సిన పని ఉండేది కాదు. ధర్మవరంలో మాది మగ్గాల వీధి. చీరకు నిలువుగా వచ్చే పట్టుపోగులన్నిటినీ కలిపి పడుగు అంటారు. మగ్గానికి ఎక్కించే ముందు దాన్ని తెల్లారగానే వీధి పొడవునా చాపి, తెగిన పోగులు అతికి, కర్రకు చుట్టాలి. రెండు కొసలూ బిగించి పట్టడానికి ఇద్దరు, మధ్యలో కనీసం నలుగురు కావాలి. పొద్దెక్కితే మా అనంతపురం గాలి లేస్తుంది, ఆ దుమ్ములో పట్టు పాడైపోతుంది. అందుకని పళ్ళు తోముకుంటున్నవాళ్ళు కూడా వేపపుల్ల నోట్లో పెట్టుకునే వచ్చి ఒక చెయ్యి వేసేవారు. మాటలు లేని ఇళ్ళవాళ్ళు సైతం ముఖం పక్కకు తిప్పుకుని మరీ పట్టేవారు.

ఎమర్జెన్సీ వచ్చాక ఒక తెల్లవారుజామున పక్కింటి అన్నను పోలీసులు జీపులో ఎక్కించుకుపోయారు. పట్టు సరిగా అందడం లేదని నేతగాళ్ళను వెంటేసుకుని ఆఫీసుల చుట్టూ తిరిగేవాడు, మీటింగుల్లో గట్టిగా మాట్లాడేవాడు. అంతకుమించి ఏం చేశాడో మాకెవరికీ తెలియదు. కేసు లేదు, కోర్టు లేదు, ఎన్నాళ్ళు ఉంచుతారో చెప్పే నాథుడు లేడు. విచారణ లేకుండా లోపల వేసే చట్టం పేరు, 'మీసా' అన్న ఒక్క మాట మాత్రం పెద్దవాళ్ళు గొంతు తగ్గించి అనుకునేవారు.

ఇంట్లో ఆయన భార్య, ఆరేళ్ళ పాప మిగిలారు. ఆమెను నేను అక్కా అని పిలిచేదాన్ని. కొన్నాళ్ళకు అక్క తనే మగ్గంలో కూర్చోవడానికి సిద్ధపడి, ఒక ఉదయం పడుగు చాపింది. ఎవరూ రాలేదు. ఒక కొస కిటికీ ఊచకు కట్టి, రెండో కొస తనే పట్టుకుని నిలబడింది. మధ్యలో పడుగు నేలకు జారుతుంటే ఆ పాప అటూ ఇటూ పరుగెత్తి ఎత్తిపట్టేది. మేమందరం తలుపుల వెనక నుంచి చూశాం. మా తాతయ్య కూడా చూశాడు. ఆ తర్వాత కూడా ఆమె పడుగు చాపిన ప్రతిసారీ అదే జరిగింది.

అప్పుడు నేను ఆరో తరగతి. మా బళ్ళో క్రమశిక్షణ మీద చర్చ పెట్టారు. పేరుకే చర్చ, కాదనే పక్షంలో మాట్లాడతామని ఒక్కరూ పేరివ్వలేదు. నాకు నోరు ఎక్కువ, పైగా బహుమతి మీద ఆశ. "ఏ తప్పూ చేయనివాళ్ళను సర్కారు ఊరికే ఎందుకు పట్టుకుపోతుంది? మా వీధిలోనే ఒకరున్నారు, అడగండి" అన్నాను. ఆ వాక్యం నాకెవరూ రాసివ్వలేదు, నేనే కూర్చుకున్నాను. చప్పట్లు మోగాయి. జామెట్రీ బాక్సు ఇచ్చారు. ఇంటికొచ్చి అరుగు మీద నిలబడి అదే ఉపన్యాసం మళ్ళీ దంచాను. పక్క అరుగు మీద అక్క నేతకు కావలసిన పట్టుపోగును కండెలకు చుట్టుకుంటోంది. ఆమె చెయ్యి ఆగడం నాకు కనిపించింది. కనిపించినా నేను ఆపలేదు.

మర్నాడు ఆదివారం. తాతయ్య మగ్గం గుంటలోకి దిగుతూ నన్ను పిలిచి, గది మూల చూపించాడు. "ఆడ కూచో పాపా. నేను చెప్పేదంకా లేయొద్దు" అన్నాడు. నేనేం చేశానని అడిగితే పలకలేదు. ఎంతసేపని అడిగితే అదీ చెప్పలేదు. నేస్తూ ఉండిపోయాడు.

మొదట ఆటనుకుని నవ్వాను. తర్వాత ఏడ్చాను. వేళకు అన్నం పెట్టారు, నీళ్ళిచ్చారు, జవాబు మాత్రం ఇవ్వలేదు. ఇక నా తప్పేమిటో నేనే వెతుక్కోవడం మొదలుపెట్టాను. బెల్లం తిన్నానని ఒప్పుకున్నాను. బడికి వెళ్ళకుండా చింతతోపులో తిరిగానని ఒప్పుకున్నాను, అది నేను చేయనే లేదు. తాతయ్య తల ఎత్తలేదు. మధ్యాహ్నం దాటాక నాకు ఇంకొకటి తట్టింది. చిక్కుపడ్డ పట్టుకండె ఒకటి కత్తిరించి బుట్ట అడుగున దాచింది నేనే. కానీ తాతయ్యతో అది పక్కింటి పాప చేసిందని చెప్పాను. చాలదన్నట్టు, వాళ్ళ నాయన మాదిరే దానికీ దొంగబుద్ధి అని కూడా అన్నాను.

మగ్గం ఆగింది.

"నువ్వు ఏ తప్పూ చేసిండ్లేదు పాపా. నేనే ఊరికే కూచోబెట్టినా" అన్నాడు తాతయ్య. "అరపూటకే చెయ్యనిది ఒప్పుకున్యావు. ఆరేండ్ల బిడ్డ మీద చెప్పినావు. ఆ యన్న పోయి ఎనిమిది నెల్లాయ. ఎందుకు పెట్టినారో, ఎన్నాళ్ళుంటాడో ఆయనకే తెల్దు."

నాకు తల ఎత్తాలనిపించలేదు. అయినా నోరు ఊరుకోదు కదా. మరి నువ్వెందుకు అక్క పడుగు పట్టలేదు తాతా అని అడిగేశాను. ఆయన అడ్డపోగు నేసే నాడెను చేతిలోంచి పక్కన పెట్టాడు. "బయమాయ పాపా" అన్నాడు. పెద్దవాళ్ళు సిగ్గుపడటం నేను అదే మొదటిసారి చూశాను.

తర్వాత అక్క పడుగు చాపిన రోజున తాతయ్య నన్ను లేపి, చెయ్యి పట్టుకుని బయటికి నడిచాడు. ఆయన కిటికీకి కట్టిన కొస విప్పి చేతిలోకి తీసుకున్నాడు. అక్క నన్ను చూసింది. ఏమైనా అంటుందనుకున్నాను, అంటే బాగుండునని కూడా అనుకున్నాను. "నడుమ పట్టుకో, బిగించొద్దు, తెగుతాది" అని మాత్రం అంది. పక్కనే ఆ పాప, నేను కలిసినందుకు సంతోషంగా, తన చెయ్యి కాస్త జరిపి నాకు చోటిచ్చింది. ఆ రోజు ఇంకో రెండు తలుపులు తెరుచుకున్నాయి, అంతే. మిగతా వీధి రావడానికి ఇంకా చాలా రోజులు పట్టింది.

ఎమర్జెన్సీ ఎత్తేశాక అన్న వచ్చాడు. సగం మనిషయ్యాడు. ఆయన మీద ఒక్క నేరమూ ఎవరూ మోపలేదు, ఎందుకు తీసుకుపోయారో, ఎందుకు వదిలారో చెప్పనే లేదు. చూడ్డానికి వెళ్ళిన నన్ను దగ్గరికి పిలిచి, నీకు ఉపన్యాసంలో బహుమతి వచ్చిందని మీ అక్క జాబులో రాసింది, ఏదీ నాకూ ఒకసారి వినిపించు అన్నాడు. బహుమతి సంగతి రాసిన అక్క, నేను మాట్లాడింది ఏమిటో రాయలేదన్నమాట. నేను వాకిలి వైపు జరిగాను. లోపల నుంచి అక్క, "ఎప్పటి మాటో, మర్సిపోయుంటాదిలే" అంది. ఆయన నవ్వి వదిలేశాడు.

నేను మర్చిపోలేదు. క్షమించమని వాళ్ళను అడగనూ లేదు. రేపడుగుదాం, రేపడుగుదాం అంటూనే వాళ్ళిద్దరూ పోయేదాకా గడిపేశాను. ఈ రోజుల్లోనూ విచారణ లేకుండా ఎవరినో లోపల వేశారని టీవీలో వాదించుకుంటుంటారు. తప్పు చేయకపోతే ఎందుకు పట్టుకుంటారని ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. ఇంట్లో పిల్లలు నా వైపు చూస్తారు, నేను ఏదైనా చెబుతానని. ఆ వాక్యం నాదేనని, దానికి నాకొక జామెట్రీ బాక్సు కూడా ఇచ్చారని, వాళ్ళకు ఇన్నాళ్ళూ చెప్పలేదు. ఇదిగో, ఇప్పుడు రాశాను.