జర గట్టిగ పట్టుకో

శంషాబాద్‌లో ఎయిర్‌పోర్టు కొత్తగా తెరిచిన రోజుల్లో, సిటీ బస్సులో ఒకామె నా పక్కన కూర్చుంది. చెమటతో తడిసిపోయి, చేతుల మీద లేని చీమల్ని దులుపుకుంటోంది. భయమేసి పక్కకు జరిగాను.

"అక్కా, జర నన్ను గట్టిగ పట్టుకో. బస్సులకెళ్లి దుంకబుద్ధయితుంది," అంది.

పట్టుకున్నాను. ఆమె గోళ్లు నా మణికట్టులో దిగాయి.

"ఏమైందండీ?"

"కల్లు బంద్ జేసి మూడు దినాలాయె. అండ్ల నిద్రగోలీలు కలుపుతరంట. అది లేకుంటే పానం గిట్లయితుంది. దవాఖానకు పోతున్న."

ఆమెతోపాటే దిగి దవాఖానలోకి నడిపించాను. నర్సు వచ్చేదాకా నా చెయ్యి వదల్లేదు.

రెండేళ్లుగా నేనూ రోజూ నిద్రమాత్రలు మింగుతున్నానని ఆమెకు చెప్పలేదు. నర్సు ఆమెను లోపలికి తీసుకెళ్లాక, వరుసలో నిలబడి నా పేరున కూడా ఓపీ చీటీ రాయించుకున్నాను.