నది దాటిన ఊళ్లు

2011 జూన్‌లో నేను చిక్కడపల్లిలోని ఒక పుస్తక ప్రచురణ సంస్థలో ఆర్ట్ విభాగం ఇన్‌ఛార్జిగా చేరాను. పోటీ పరీక్షల పుస్తకాలు మా సరుకు, అశోక్‌నగర్ కోచింగ్ పిల్లలు మా గిరాకీ. నా కింద ఐదుగురు డీటీపీ ఆపరేటర్లు. వారిలో సీనియర్, నారాయణగూడ నుంచి వచ్చే స్వరూప.

గ్రాఫిక్స్ సాఫ్ట్‌వేర్‌లో మాకు అన్నం పెట్టేవి మూడు కమాండ్లు. చేసిన పనిని వెనక్కి తీసుకునేది అన్‌డూ. వెనక్కి తీసుకున్నదాన్ని మళ్లీ తెచ్చేది రీడూ. చివర చేసిన పనినే మరోదాని మీద అచ్చంగా చేసేది రిపీట్. ఫైల్ మూస్తే మాత్రం ఆ జ్ఞాపకమంతా పోతుంది, మళ్లీ తెరిచి అన్‌డూ ఎంత నొక్కినా పలకదు. అందుకే స్వరూప రోజూ ఉదయమే ఫైల్‌కు వేరే పేరుతో ఒక కాపీ తీసి పెట్టేది. డిస్కు నింపేస్తోందని నేను సణిగేవాణ్ని.

ఒక మధ్యాహ్నం ఆమె భోజనానికి వెళ్లినప్పుడు, నదుల పటంలో ఒక ఊరి పేరు నది గీతకు ఆనుకుని కనిపిస్తే, ఆమె సిస్టం ముందు కూర్చున్నాను. ఆ పేరును కొంచెం కుడికి జరిపి, మిగతా పేర్లను ఒక్కొక్కటే ఎంచుకుంటూ రిపీట్ కొట్టాను. స్వరూప ప్రతి పేరునూ దాని ఊరి చుక్కతో కలిపి గ్రూప్ చేసిందని, పేరు జరిపితే చుక్కా జరుగుతుందని చూసుకోలేదు. సేవ్ చేసి, ఫైల్ మూసి, గొప్ప పని చేసినట్టు లేచాను.

మర్నాడు యజమాని ప్రూఫ్ పట్టుకుని అందరి ముందుకు వచ్చాడు.

"ఏందమ్మా ఇది? మూడు ఊర్లు నది దాటినయ్! నీ సిస్టం మీదనే గద అయింది? రేపటి నుంచి రాకు."

"నేను జరుపలే సార్," అంది స్వరూప. ఎవరి సిస్టంలో తప్పుంటే వారే బాధ్యులని మా ఆఫీసు పద్ధతి. అది నా పనేనని నాకు అప్పుడే తెలిసింది. ఒప్పుకుందామంటే ఇన్‌ఛార్జినన్న పరువు అడ్డొచ్చింది.

ఆయన కేబిన్‌లోకి వెళ్లాక ఆమె ముందురోజు ఉదయం తీసిన కాపీ తెరిచి నన్ను పిలిచింది.

"జర చూడున్రి సార్. అన్ని చుక్కలు ఒక్క తీరుగనే జరిగినయ్. చేత్తోని జరిపితే గిట్ల రాదు. ఎవరో రిపీట్ కొట్టిన్రు."

సిగ్గుతో చచ్చిపోయాను. తిన్నగా కేబిన్‌లోకి వెళ్లి ఒప్పుకున్నాను. యజమాని నవ్వేశాడు. "మీరా సార్? పోనీయున్రి, చాయ్ తాగున్రి." ఆమెనైతే ఉద్యోగం మానుకోమన్న తప్పే అది! ఆమెను రేపు పనికి రమ్మనమని మాత్రం చెప్పాడు. బయటికొచ్చి స్వరూపకు ఆ కబురు చెప్పాను. సంతోషిస్తుందనుకున్నాను, వెర్రివాణ్ని.

"మంచిది సార్. గని నన్ను తిట్టింది అందరి ముందట. మీరు చెప్పింది కేబిన్ల."

ఆపరేటర్లందరినీ పిలిచి, జరిగినదంతా మొదటి నుంచి మళ్లీ చెప్పాను. స్వరూప తల ఊపి పనిలో కూర్చుంది.

నేను నేర్చుకున్నది ఇంతే. నా తప్పుకు ఇంకొకరు ఎక్కడ మాట పడ్డారో, అక్కడే నిలబడి ఒప్పుకోవాలి. కేబిన్‌లో ఒప్పుకుంటే నా మనసు ఒక్కటే తేలికపడింది.