నిచ్చెనలవారి పైమెట్టు

పెద్దమ్మ కొట్టు ఎక్కడని ఆ వీధిలో ఎవరూ అడగనక్కర్లేదు. గోడకు చేరేసి చిన్నవీ పెద్దవీ నిచ్చెనలు వరసగా నిలబడి ఉంటాయి. పైన బోర్డు మీద ‘నిచ్చెనల’ అని ఒక్కటే మాట ఉంటుంది. మిగతా మాట రాయించడానికి రంగు చాలలేదేమో అనుకుని లోపలికొచ్చే కొత్తవాళ్ళకు పెద్దమ్మ ముందు కుర్చీ చూపిస్తుంది, తర్వాత మంచినీళ్ళిస్తుంది, ఆ తర్వాత తీరిగ్గా అందుకుంటుంది.

“అది సరుకు పేరు కాదు బాబూ, మా ఇంటిపేరు. ఎలా వచ్చిందో చెప్తాను, కూర్చోండి.”

కూర్చోక తప్పదు. ఆ కథ వినకుండా ఆ కొట్లోంచి నిచ్చెన బయటికి తీసుకెళ్ళినవాడు ఇంతవరకూ లేడు.

పెద్దమ్మ భర్తకు తాతగారు ఒకాయన ఉండేవాడు. వడ్రంగి. మంచాలు, బల్లలు, నిచ్చెనలు, ఏది అడిగితే అది చేసేవాడు. ఆయన అసలు ఇంటిపేరేమిటో ఇప్పుడు ఎవరికీ గుర్తులేదు. ఒకరోజు ఆయన చేసిన నిచ్చెనెక్కి గోడకు సున్నం వేస్తున్న మనిషి, మెట్టు విరిగి కిందపడి కాలు విరగ్గొట్టుకున్నాడు. ఇంకొకడైతే ఆడలేక మద్దెల ఓడన్నట్టు కర్ర మీదికో, పడ్డవాడి బరువు మీదికో నెట్టేసేవాడు. తాతగారు నెట్టలేదు. విరిగిన మెట్టు తీసి కొత్తది వేశాడు. అదే గోడకు అదే నిచ్చెన చేరేశాడు. వీధి వీధంతా చూస్తుండగా పైమెట్టు దాకా ఎక్కి, రెండు చేతులూ వదిలేసి నిలబడ్డాడు. “ఇకమీద నేనెక్కి చూడని నిచ్చెన ఇంకొకడి కాలి కింద పెట్టను” అన్నాడు.

జనం మెచ్చుకున్నారనుకునేరు! పడిపడి నవ్వారు. ఆయన కనిపిస్తే చాలు, “నిచ్చెనలాయన వస్తున్నాడు, తలెత్తి చూడండర్రా” అని ఏడిపించేవారు. ఆయన మాత్రం చేసిన ప్రతి నిచ్చెనా ఎక్కుతూనే ఉన్నాడు. కొన్నేళ్ళకు నవ్వినవాళ్ళే ఆయన దగ్గర తప్ప ఇంకెక్కడా నిచ్చెన కొనడం మానేశారు. ఎగతాళికి పెట్టిన పేరు పిల్లల బడిలోకి వెళ్ళింది, పెళ్ళిపత్రికల మీదికెక్కింది, బోర్డు మీద కూర్చుంది.

ఇప్పుడా పేరు ఊరంతా ఉంది. అన్నదమ్ముల పిల్లలు, వాళ్ళ పిల్లలు తలో దిక్కూ సర్దుకున్నారు. రంగుల దుకాణం నిచ్చెనల వారిది, కళ్ళజోళ్ళ దుకాణం నిచ్చెనల వారిది, పళ్ళ డాక్టరొకాయన నిచ్చెనల వారి మనవడు. “నోట్లోకి దిగడానికి నిచ్చెన కావాలి కాబోలు” అంటుంది పెద్దమ్మ. చుట్టరికం ఏమాత్రం లేనివాళ్ళు కూడా పేరు బాగుందని కొట్లకు పెట్టుకున్నారు. వాళ్ళ మాటెత్తితే మాత్రం ఆవిడకు ఒళ్ళు మండుతుంది. “ఇంటిపేరు కస్తూరివారు, ఇంట్లో గబ్బిలాల కంపు. ఒక్కడైనా ఎక్కి చూస్తాడా?”

ఇంత అభిమానం పెద్దమ్మకు పుట్టుకతో వచ్చింది కాదు. ఆవిడ కూడా ఆ ఇంటికి కోడలిగా వచ్చిందే. పెళ్ళైన కొత్తలో మామగారు చేతికి ఉలి ఇచ్చి పని నేర్పారు. మొదటి నిచ్చెన పూర్తయ్యాక, “ఎక్కమ్మా” అన్నారు. ఎక్కింది. పైమెట్టు మీద చేతులు వదిలి నిలబడితే పక్కవీధి పైకప్పులు కూడా కనిపించాయి. దిగేసరికి తను ఆ ఇంట్లో పుట్టినదానికంటే ఎక్కువదాన్నని అనిపించింది. ఆ అనిపించడం ఇంతవరకూ తగ్గలేదు. భర్త పోయాక కొట్టు ఆవిడ చేతి మీదే నడిచింది.

కొడుక్కి ఉలి కంటే స్టీరింగు ఇష్టం. నిచ్చెనలు వ్యానుకెక్కించి ఇళ్ళకు చేరవేస్తాడు. పనితనమంతా కోడలిది. ఆ అమ్మాయి చిత్రిక పట్టిన మెట్టు మీద అరచెయ్యి పెట్టి ఈ కొస నుంచి ఆ కొసకు లాగితే ఎక్కడా చిన్న పేడు కూడా గుచ్చుకోదు. “మా కోడలు చెయ్యి పడితే కర్ర మాట వింటుంది” అని పెద్దమ్మ వీధంతా చెప్పుకుంటుంది.

వీధికి చెప్పనిది ఒకటుంది. ఆ ఇంట్లో పనిచేసే ప్రతివాళ్ళ పనిముట్ల పెట్టె మీదా ఇంటిపేరు రాసి ఉంటుంది. కోడలు వచ్చిన కొత్తలో పెద్దమ్మ కొత్త పెట్టె చేయించి, రంగూ కుంచే తీసుకుని సంబరంగా కూర్చుంది. కోడలు చెయ్యి అడ్డం పెట్టింది.

“వద్దత్తయ్యా. ప్రస్తుతానికి నాకు మా పుట్టింటి పేరే ఉండనివ్వండి.”

పెద్దమ్మ సరేనని కుంచె కడిగేసింది. కారణం అడగలేదు. అడిగితే అభిమానం ఏమైపోవాలి! కానీ పేరు లేని ఆ పెట్టె కంటపడ్డ ప్రతిసారీ ఆవిడకు కష్టంగానే ఉండేది. ఊళ్ళో ముక్కూమొహం తెలియనివాళ్ళు ఆశపడి పెట్టుకున్న పేరు సొంత కోడలికి చేదయ్యిందా అనుకునేది.

ఇంకొకటీ ఉంది. కోడలు నిచ్చెన ఎక్కేది కాదు. పని పూర్తికాగానే, “అత్తయ్యా, మీరు చూడండి” అని పక్కకు తప్పుకునేది. చేసినవాళ్ళే ఎక్కాలన్నది తాతగారి నియమం. పెద్దమ్మ దాన్ని కాస్త వంచి, ఇద్దరిదీ ఒకే ఇల్లు కదా అని సరిపెట్టుకుని తనే ఎక్కేది.

ఆ సర్దుబాటు మోకాలు ఒప్పుకున్నంతకాలం సాగింది. ఒకరోజు డాక్టరు మోకాలు నొక్కి చూసి, ఇంక మెట్లెక్కడం మానెయ్యాలన్నాడు. పెద్దమ్మ మండిపడింది. “మోకాలికీ బోడిగుండుకీ ముడిపెట్టడమంటే విన్నాను. మీరు మోకాలికీ మా ఇంటిపేరుకీ పెట్టారు కదండీ!”

సరిగ్గా అప్పుడే లైబ్రరీ వాళ్ళ నిచ్చెన పూర్తయ్యింది. పుస్తకాల అరలు పైకప్పు దాకా ఉన్నాయట, అంతెత్తు నిచ్చెన ఆ కొట్లో అంతకుముందు ఎప్పుడూ చెయ్యలేదు. మొదటి మెట్టు నుంచి చివరి మెట్టు దాకా కోడలే చేసింది. తీసుకెళ్ళడానికి లైబ్రేరియన్ స్వయంగా వచ్చాడు, కథ కూడా విన్నాడు. కొడుకు వ్యాను తలుపు తీశాడు. పెద్దమ్మ నిచ్చెన దగ్గరికి నడిచి, కొంగు బిగించి, మొదటి మెట్టు మీద కాలు పెట్టింది. మోకాలు కలుక్కుమంది. ఆవిడ కర్ర పట్టుకుని ఆగిపోయింది.

“అమ్మా, నువ్వు దిగు. నేనెక్కుతాను” అన్నాడు కొడుకు.

“నువ్వు చేశావట్రా?”

“ఎవరెక్కితే ఏముందమ్మా? మెట్టు గట్టిదా కాదా, అంతేగా?”

“చేసినవాళ్ళ ఎముకలు పణంగా పెట్టాలిరా. అదీ ఈ పేరంటే. లేకపోతే ఈ పేరు ఊరికే పెట్టుకున్న ఆ వీధి చివరి కొట్టు బోర్డుకీ మన బోర్డుకీ తేడా ఏముంది?” పెద్దమ్మ బోర్డు వైపు చెయ్యి చూపించింది. “బోర్డు దించెయ్. నా మోకాలితోనే ఈ పేరు సరి.”

కోడలు చేతిలో గరుకు కాగితం కింద పెట్టి ముందుకొచ్చింది.

“నేనెక్కుతానత్తయ్యా.”

“నీకెందుకులేమ్మా” అంది పెద్దమ్మ. ఇన్నాళ్ళ కినుక ఇంక ఆగలేదు. “వద్దనుకున్న పేరు కోసం ఎముకలెందుకు విరగ్గొట్టుకుంటావు?”

కోడలు మొహం పాలిపోయింది. “వద్దనుకోలేదత్తయ్యా. నాకు ఎత్తంటే భయం. స్టూలెక్కినా కళ్ళు తిరుగుతాయి. వచ్చిన రోజే మీరీ కథ చెప్పారు, ఎక్కినందుకే ఆయనకా పేరొచ్చిందని. నేనెక్కకుండా అది నా పెట్టె మీద ఎలా రాయించుకుంటాను? ఎక్కగలిగిన రోజున నేనే అడుగుదామనుకున్నాను.”

వచ్చినవాళ్ళందరికీ ఆ కథ చెప్పింది పెద్దమ్మ. చెవినిబెట్టింది మాత్రం ఈ పిల్లొక్కతే. ఆవిడ నిచ్చెన మీంచి కాలు తీసి పక్కకు జరిగింది.

కోడలు ఎక్కింది. ప్రతి మెట్టుకూ ఆగింది, ఆగినప్పుడల్లా కళ్ళు మూసుకుంది. సగం దూరంలో కాళ్ళు వణికితే కొడుకు పట్టుకోబోయాడు. పెద్దమ్మ వాడి చెయ్యి లాగేసింది. “దాని పని దాన్ని చేసుకోనివ్వు” అంది. కోడలు పైమెట్టు చేరింది. ముందు ఒక చెయ్యి వదిలింది. చాలాసేపటికి రెండోదీ వదిలి, నిటారుగా నిలబడింది. కింద మెట్టు ఒక్కటి కూడా కిర్రుమనలేదు.

పెద్దమ్మ కళ్ళనిండా నీళ్ళు. తుడుచుకోలేదు, తలెత్తి చూస్తూనే ఉంది. మామగారు తనకు పేరు ముందే ఇచ్చేసి, తర్వాత ఎక్కమన్నారు. ఈ పిల్ల పేరు కూడా లేకుండా ఎక్కింది. తన కోడలు తనను మించిపోయింది. ఇంతకంటే గర్వం తన జన్మలో ఎరగదు.

“కాస్త రంగూ కుంచే పట్రారా” అంది కొడుకుతో. “అక్షరాలు పెద్దవిగా రాయాలి.”

లైబ్రేరియన్ గడియారం చూసుకుని, “అమ్మా, మరి నిచ్చెన తీసుకెళ్ళొచ్చా?” అన్నాడు.

“ఉండండి బాబూ, తొందరేముంది” అంది పెద్దమ్మ. “మా ఇంటిపేరు ఇంకా పైనే ఉంది.”