వెనకింజను

మొన్న గాజువాకలో సిగ్నల్ దగ్గర స్కూటర్ ఆపుకుని నిలబడితే, వెనక ఎవడో తొందరగాడు హారన్ మీద వేలు పెట్టి తియ్యడం మరిచిపోయాడు. పొడుగ్గా, ఒకటే మోత. నా కుడి చెయ్యి నన్ను అడక్కుండానే యాక్సిలరేటర్ తిప్పేసింది. ముందున్న ఆటోకి జానెడు దూరంలో బ్రేకు పడింది. వెనక కూర్చున్న మనవరాలు "అమ్మమ్మా, రెడ్ ఉంది కదా!" అని నా నడుం గిల్లింది. "ఏం చెయ్యనే, పొడుగు హారన్ వింటే నాకు లాగాలనిపిస్తుంది" అన్నాను. పిల్లకి అర్థం కాలేదు. అర్థం కావాలంటే నాతోపాటు బైలదిలా కొండల కింది బచేలి రావాలి, మా చిన్నాన్న మోటారు సైకిలెక్కాలి.

మా నాన్న, చిన్నాన్న విజయనగరం వైపు నుంచి రైల్వే కొలువుకొచ్చి కిరండూల్ లైనులో స్థిరపడ్డవాళ్ళు. నాన్న స్టేషన్లో, చిన్నాన్న ఇంజను మీద. అప్పట్లో బైలదిలా కొండల మీంచి పగలూ రాత్రీ ఇనప రాయి దిగుతుండేది. ఆరేసిన బట్టలు సాయంత్రానికి ఎర్రబారేవి; మా అమ్మ తెల్లచీరలు కొనడమే మానేసింది. చిన్నాన్నకి లోకంలో రెండే ప్రేమలు: ఇంజను, మోటారు సైకిలు. మూడోది తనేనని పిన్ని అనుకునేది, మేమెవరం సరిదిద్దలేదు. ఆ బండి ఎవరో కాంట్రాక్టరు వదిలించుకున్నది. ఆయన మాత్రం దానికి రైలు మర్యాదలన్నీ చేసేవాడు. పంక్చరైతే "పట్టాలు తప్పింది" అనేవాడు, ఇంటి ముందు ఆపి "లైన్ క్లియరేనా?" అని అడిగితేగానీ లోపలికి వచ్చేవాడు కాదు.

నాకు టీచరుద్యోగానికి జగదల్‌పూర్‌లో ఇంటర్వ్యూ వచ్చింది. అంతకుముందు వెళ్ళినవి పోయాయి. "ఇదే ఆఖరు. ఇదీ పోతే బొబ్బిలి సంబంధం ఖాయం" అని నాన్న తేల్చేశారు. బొబ్బిలి అబ్బాయి బుద్ధిమంతుడే అయివుంటాడు. కానీ బియ్యస్సీ చదివి, వాళ్ళ రైసుమిల్లు ధ్వనికి ఊకొడుతూ బతకాలంటే నాకు ఏడుపొచ్చింది. సరిగ్గా ఆ ముందు రోజే అనంతగిరి వైపు కొండచరియలు పడి పాసింజరు రాలేదు. బస్సు నమ్ముకుంటే చేరేసరికి ఇంటర్వ్యూ చేసేవాళ్ళు ఇళ్ళకు పోతారు. "పదవే గుంటా, నానున్నాను" అన్నాడు చిన్నాన్న. గంజి పెట్టిన చీర కట్టుకుని, సర్టిఫికెట్ల సంచి ఒళ్ళో పెట్టుకుని, ఆ కాలపు ఆడపిల్లలందరిలాగే బండి మీద పక్కకి తిరిగి కూర్చున్నాను.

గీదం దాటి బస్తానార్ ఘాట్ మొదలయ్యే చోట బండి ఉన్నట్టుండి నీరసపడింది. చిన్నాన్న కుడిచేతి పిడి ఎంత తిప్పినా గిర్రున తిరుగుతోందే తప్ప ఇంజనుకి కబురు అందడం లేదు. యాక్సిలరేటర్ తీగ పైన, పిడి దగ్గర పుటుక్కున తెగింది. వెనక్కి గీదం తోసుకుపోతే మెకానిక్కు దొరుకుతాడు, కానీ ఉద్యోగం దొరకదు. చుట్టూ సర్గి అనే సాల చెట్లు, ఎదురుగా కొండ. నేను బండి దిగి, సంచి పట్టుకుని ఆ కొండ వైపు చూశాను. చిన్నాన్న మాత్రం సీటు మీద తట్టి నవ్వాడు. "ఏటలా సూత్తావు? తీగ పైన తెగినాది, కింద బతికే ఉన్నాది."

అంతలో పళ్ళు తోముకునే పుల్లల కట్టలు నెత్తిన పెట్టుకుని సంతకి పోతున్న ఒక గోండు ఆవిడ ఆగి చూసింది. చిన్నాన్న తనకొచ్చిన హల్బీ భాషలో ఏదో అడిగితే, ఆవిడ కట్టలోంచి ఒక లావుపాటి పుల్ల లాగి ఇచ్చింది. ఆయన పిడి దగ్గర తీగ తొడుగుని ఊడదీసి, బయటికొచ్చిన తీగ కొసని ఆ పుల్లకి బిగించి చుట్టి, వెనక్కి తిప్పి నా చేతికిచ్చాడు. ఎడమ చేత్తో తొడుగు పట్టుకోవాలి, కుడి చేత్తో పుల్ల లాగాలి. రెండు చేతులూ పోయాక ఇక పక్కకి కూర్చుంటే రోడ్డు మీదే ఉంటాను. కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని, సంచి మెడలో వేసుకుని, చెరో పక్కా కాలేసి కూర్చున్నాను. ఆవిడ పకపకా నవ్వింది, నాకూ నవ్వొచ్చింది.

"ఇనుకో. బరువు బండి ఘాటెక్కాలంటే ముందో ఇంజను, యెనక తొయ్యడానికో ఇంజను. రెండింటికీ మాటలుండవు, కూతలే. నువ్వు యెనకింజను. నాను పొడుగు కూతేత్తే లాగు. రెండు పొట్టి కూతలేత్తే ఒగ్గీ" అన్నాడు. ఒగ్గీ అంటే మా వైపు వదిలెయ్యమని. అలా బయల్దేరాం. క్లచ్చు, గేరు, బ్రేకు ఆయనవి, వేగం నాది. హారన్ పొడుగ్గా పోమ్మంటే లాగుతున్నాను, పీపీమంటే వదులుతున్నాను. మొదట్లో కప్పలా గెంతినా, కాసేపటికి బండి దారికొచ్చింది.

అసలు తప్పు ఒక మలుపులో జరిగింది. వెనకొస్తున్న లారీ పొడుగ్గా హారన్ కొట్టింది. నేను బుద్ధిగా లాగాను. బండి మలుపు వదిలి లోయ వైపు ఉరికింది. చిన్నాన్న రెండు కాళ్ళూ నేల మీద ఈడ్చి, అంచున ఉన్న కంకర కుప్పలో ఆపాడు. లారీ మమ్మల్ని తిట్టుకుంటూ పోయింది. చిన్నాన్న కూడా తిడతాడనుకున్నాను. ఆయన చెప్పులు దులుపుకుని, "తప్పు నాదే. నీకు కళ్ళున్నాయి కదేటి, ఇంక కూతల్తో పనేటి? నా బుజం మీంచి రోడ్డు సూడు. ఎప్పుడు లాగాలో నువ్వే లాగు" అన్నాడు. ఆ తర్వాత ఆయన హారన్ ముట్టుకోలేదు. నేను ఆయన భుజం మీంచి ఎత్తు చూసి లాగాను, వంపు చూసి వదిలాను. ఇంజను మూలిగితే నాకే తెలిసేది. ఘాట్ ఎక్కేశాక గాలి చల్లగా మొహానికి కొడుతుంటే, ఆ క్షణంలో నన్ను ఎవరేమడిగినా జవాబు చెప్పగలననిపించింది.

జగదల్‌పూర్‌లో ఇంటర్వ్యూ జరిగే ఆఫీసు గేటు ముందు చిన్నాన్న తాళం తిప్పి బండి ఆపాడు. లోపల ముగ్గురు కూర్చున్నారు. మధ్యలో ఉన్న పెద్దాయన నా అరచేతుల నలుపు చూసి, ఇదేమిటని హిందీలో అడిగారు. "గాడీ చలాకే ఆయీ హూఁ" అన్నాను, బండి నడుపుకుంటూ వచ్చానని. ఒక అమ్మాయి, చీరలో, ఆ ఘాట్ మీద! ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూశారు. ఆ తర్వాత వాళ్ళేమడిగారో గుర్తులేదు, నేను ఒక్కసారీ తడబడలేదని మాత్రం గుర్తుంది. బయటికొచ్చి, "చిన్నాన్నా, సగం అబద్ధం ఆడేశాను" అన్నాను. టీ గ్లాసు నాకిస్తూ, "అబద్దమేటి? నడిపింది నువ్వే. నాను పట్టుకున్నానంతే" అన్నాడు.

ఉద్యోగం వచ్చింది. బొబ్బిలి అబ్బాయి ఎవర్నో చేసుకుని సుఖంగా ఉన్నాడని విన్నాను. బచేలిలో గోండీ, హల్బీ, హిందీ, తెలుగు మాట్లాడే పిల్లల్ని ఒకే గదిలో కూర్చోబెట్టుకుని తల నెరిసేదాకా పాఠాలు చెప్పాను. చిన్నాన్న పోయి చాలా కాలమైంది. ఎక్కడైనా పొడుగు హారన్ వినిపిస్తే మాత్రం నా చెయ్యి లాగేస్తూనే ఉంది. ఇన్నేళ్ళు గడిచాయి, ఒగ్గీమని ఆ రెండు పొట్టి కూతలూ ఆయన ఇంకా వెయ్యనే లేదు.