అడిగినంతే పెట్టే యంత్రం

ఆత్మకూరులో మిద్దె మీద గదిలో కూర్చుని కృపారాణి చేసే ఉద్యోగం ఏమిటో వాళ్ళమ్మకు ఈనాటికీ తెలియదు. దూరాన ఒక యూనివర్సిటీలో వందల కంప్యూటర్లను కలిపి ఒకటిగా నడిపే యంత్రం ఉంది. పరిశోధన చేసే పిల్లలు దానికి పెద్ద పెద్ద లెక్కలు పంపుతారు, అవి మధ్యలో ఆగిపోతే కృపారాణికి ఫోన్ చేస్తారు. చెయ్యక ఏం చేస్తారు పాపం! యంత్రం చెప్పేది ఒక్కటే ముక్క: 'పని విఫలమైంది, కోడ్ 137.' ఎందుకు ఆగిందో చెబితే దాని సొమ్మేం పోతుందో.

శుక్రవారం ఉదయం సోమశిల నుంచి నిరోష ఫోన్ చేసింది. డ్యామ్ ముంపులో ఊరు పోయిన కుటుంబంలోని పిల్ల. పెన్నకు వరదొస్తే ఏ ఊరు ఎంత మునుగుతుందో లెక్కగడుతోంది. సోమవారం కమిటీకి ఫలితం చూపకపోతే పరిశోధన సీటు పోతుంది.

"నాలుగుసార్లు ఆగిపోయిందక్కా. నా లెక్కే తప్పేమో. నాకు ఈ చదువు రాదులే," అంది.

తీరా చూస్తే లెక్కలో తప్పేమీ లేదు. లెక్క పంపేటప్పుడే యంత్రాన్ని ఎంత మెమరీ కావాలో అడగాలి. దీనికి ముప్పై జీబీ కావాలి, పిల్ల నాలుగే అడిగింది.

"అంత తక్కువ ఎందుకు అడిగినావమ్మా?"

"అందరూ వాడుకునే మిషన్ కదక్కా. నేనొక్కదాన్నే ఎక్కువ పెట్టించుకుంటే ఏమన్నా అనుకుంటారని."

కృపారాణికి నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. ఈ పక్క ఊళ్ళలో భోజనాల బంతిలో కూర్చుని కడుపునిండా అడిగేదెవరు? చాలు చాలంటూ ఆకుకు చెయ్యి అడ్డం పెడతారు. వడ్డించేవాళ్ళు ఆ చెయ్యి తోసేసి ఇంకో గరిటె వేస్తారు. నిరోషకు తెలిసిన మర్యాద అది. యంత్రానికి అది తెలియదు. నాలుగంటే నాలుగే పెట్టి, ఐదో ముద్దకు విస్తరి లాగేస్తుంది.

"అది మన పెళ్ళిబంతి కాదు నిరోషా, వద్దన్నా వడ్డించేదానికి. నలభై అడుగు. నీ లెక్క బాగానే ఉండాది."

ఆదివారం చర్చి నుంచి వచ్చేసరికి ఫోన్‌లో మెసేజ్ ఉంది: 'పూర్తయిందక్కా.' సోమవారం సీటు నిలిచింది.

కానీ కృపారాణికి మనసు కుదుటపడలేదు. ఆ కోడ్ ముక్క మార్పించమని మూడేళ్ళుగా పై అధికారికి రాస్తూనే ఉంది. ఎలా రాసింది? 'తీరికున్నప్పుడు, వీలైతే' అని. ఆయన మరిచిపోతూనే ఉన్నాడు. అడగనిదే అమ్మయినా పెట్టదు. తానూ ఆకుకు చెయ్యి అడ్డం పెట్టిన బాపతే. ఈసారి రెండే వాక్యాలు రాసింది: 'పని ఎందుకు ఆగిందో యంత్రమే చెప్పాలి. ఈ వారంలో కావాలి.'

గురువారానికి అయిపోయింది. ఇప్పుడు అక్కడ ఎవరి పని ఇలా ఆగినా కృపారాణి రాసిన మాటలు కనబడతాయి: 'మీరు అడిగిన మెమరీ చాలలేదు. ఇంకా అడగండి. ఎవరూ ఏమీ అనుకోరు.'